ఒక్కడు వాడిన మాట

నాగరత్నకు ఆ మాట ఒక శుక్రవారం మధ్యాహ్నం ఎదురుపడింది. టిఫిన్ డబ్బా కడుక్కొచ్చి సీట్లో కూర్చుని, తర్వాతి మాట కోసం మీట నొక్కింది. తెర మీద ‘స్పీలియోథెమ్’ అని వచ్చింది. దాని కిందే మరో రెండు: స్టాలక్టైట్, స్టాలగ్మైట్.

ఆమె చేతులు ఒళ్లోకి జారాయి.

ఆమెది మాటల ఉద్యోగం. నానక్‌రామ్‌గూడలో ఒక అద్దాల మేడ, అందులో ఒక కంపెనీ. బడి పిల్లలకు పనికొచ్చే నిఘంటువును చాలా భాషల్లో తయారు చేస్తోంది. తెర మీద ఇంగ్లిషు మాట వస్తుంది. దాన్ని తెలుగులో ఏమంటారో రాయాలి, అర్థం విప్పి చెప్పాలి, ఆ మాట జనం నోట ఎలా పలుకుతుందో రెండు వాక్యాల్లో చూపించాలి. తెలుగు మాట లేకపోతే ఇంగ్లిషు మాటనే తెలుగు అక్షరాల్లోకి దింపాలి. తెలుగుకు ఆమె ఒక్కతే. పక్క సీటు కన్నడానిది, ఎదుటి సీటు ఒడియాది. ఆ సీట్ల వాళ్లు వారంలో ఎప్పుడో ఒకసారి వస్తారు, చెవుల్లో ఏవో పెట్టుకుని పని చేసుకుని వెళ్లిపోతారు. ఇంటి నుంచే చేసుకోవచ్చని చెప్పినా నాగరత్న మాత్రం రోజూ ఆఫీసుకు వస్తుంది. కొండాపూర్‌లో షేర్ ఆటో ఎక్కితే కనీసం పక్కవాళ్ల భుజం తగులుతుంది. ఇంట్లో అదీ ఉండదు.

యాభై దాటిన మనిషి. బెలుం గుహలకు కూతవేటు దూరంలో, కొలిమిగుండ్ల మండలంలో పుట్టింది. తెలుగు ఎమ్మే చదివి అక్కడే ఒక ప్రైవేటు బళ్లో తెలుగు చెప్పింది. కరోనా మొదటి విడతలో బడి మూతపడింది. రెండో విడతలో భర్త సురేంద్ర పోయాడు. పిల్లలు లేరు. అన్న కూతురు స్వాతి వచ్చి, ‘ఇక్కడ ఒక్కదానివే ఏం చేస్తావత్తా’ అని కొండాపూర్‌కు తీసుకొచ్చుకుంది, తెలిసినవాళ్ల ద్వారా ఈ పనిలో పెట్టించింది. ఏడాది తిరక్కుండానే స్వాతికి పుణె బదిలీ అయింది. తనతో రమ్మంది. తెలుగు మాటల పని పుణెలో ఎవరిస్తారని నాగరత్న ఉండిపోయింది. అదే అపార్టుమెంటులో వెనకవైపున్న చిన్న వాటాలోకి సామాను మార్చుకుంది.

అప్పటి నుంచీ శనివారం పొద్దున పాల ప్యాకెట్ల అబ్బాయితో ఒక మాట అంటే, మళ్లీ సోమవారం ఆఫీసు గేటు దగ్గర దాకా ఆమె గొంతు పెగిలే అవసరం ఉండేది కాదు. ఒకసారి కూరగాయలు తరుగుతూ వేలు కోసుకుని ‘అబ్బా’ అంది. ఆ గొంతు ఎవరిదో అనిపించి వెనక్కి తిరిగి చూసింది.

స్పీలియోథెమ్ అంటే ఏమిటో ఆమె ఎక్కడా వెతకనక్కర్లేదు. ఆ మాట మొదటిసారి ఆమె చెవిన పడింది పొయ్యి దగ్గర, జొన్నరొట్టె తిరగేస్తుండగా.

అప్పటికి గుహల్లో దారులు వేసి, దీపాలు పెట్టి, జనాన్ని లోపలికి పంపడం మొదలుపెట్టి కొన్నాళ్లయింది. సురేంద్ర అంతకుముందు నాపరాళ్ల పాలిషు ఫ్యాక్టరీలో పని చేసేవాడు. ఆ రాతిపొడికి దగ్గు పట్టుకుంటే మానేసి, గుహల్లో గైడుగా చేరాడు. మాటకారి. ఇంట్లో, బస్సులో, పెళ్లి పందిట్లో ఎక్కడైనా నలుగురు కనిపిస్తే చాలు, ఏదో ఒకటి చెప్పేవాడు. గుహ అతనికి దేవుడిచ్చిన మైకు అని ఊళ్లో నవ్వుకునేవారు. ఒకసారి యూనివర్సిటీ నుంచి రాళ్ల శాస్త్రం చదివిన పెద్దాయన వచ్చి వారం పాటు గుహల్లో తిరిగాడు. లైటు పట్టుకుని సురేంద్ర ఆయన వెంట ఉన్నాడు. ఆఖరి రోజు సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే వంటింటి గడపలో నిలబడ్డాడు.

“రత్నా, ఈ పొద్దు ఒక మాట నేర్చుకున్యా. గుహలో నీళ్లు కట్టిన రాళ్లన్నిటికీ కలిపి ఒకే పేరు ఉండాదంట.”

“ఏం పేరు?”

“స్పీలియోథెమ్. గ్రీకు మాటంట. గుహ, అందులో పేరుకున్నది అని అర్థమంట.”

తెల్లారేసరికి ఆ మాట అతని నోట్లో ‘పీలోతం’ అయింది. అయినా ఉత్సాహంగా పట్టుకెళ్లి జనానికి చెప్పాడు. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, “అంటే ఏంది నాయనా?” అని అడిగింది. గుహలో నీళ్లు కట్టిన రాయి అన్నాడు. “ఆ మాటే చెప్పొచ్చు గదా, ఇదేంటికి మళ్లా?” అని ఆవిడ ముందుకు నడిచింది. ఆ సాయంత్రం మొహం వేలాడేసుకుని వచ్చాడు.

“నువ్వు తెలుగు పంతులమ్మవు గదా. దీన్ని తెలుగులో ఏమంటారో చెప్పు.”

నాగరత్న బడి లైబ్రరీలో ఉన్న పుస్తకాలన్నీ తిరగేసి, చివరికి ‘అవక్షేప శిలాకృతులు’ అని ఒకటి కూర్చి చెప్పింది. సురేంద్ర నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. “ఇది చెప్తే జనం గుహ ఇడిసిపెట్టి పారిపోతారే,” అన్నాడు.

తర్వాత నాలుగైదు రోజులకు తనే పేర్లు పెట్టుకున్నాడు. కప్పు నుంచి కిందికి దిగేది ఊడ. అది కార్చే చుక్క పడిన చోట నేల నుంచి పైకి లేచేది మొలక. రెండూ ఎప్పటికో కలిస్తే కంబం. అన్నీ కలిపి నీటిపని. ‘ఇదంతా ఎవరు చెక్కినారనుకుంటాండారు? నీటిపని సామీ ఇది, నీటిపని’ అనేవాడు. ఆ తర్వాత ఎన్నేళ్లు గైడుగా చేశాడో అన్నేళ్లూ ఆ మాటలే చెప్పాడు.

ఆ శుక్రవారం నాగరత్న ఎంట్రీలు రాయడానికి రోజూ కన్నా ఎక్కువసేపు పట్టింది. అర్థం ఇలా రాసింది: ‘సున్నపురాతి గుహల్లో కప్పు నుంచి నీరు కారుతుంది. ఆ నీటిలో రాతి నుంచి కరిగిన సున్నం ఉంటుంది. గుహ గాలి తగిలాక నీరు ఆ సున్నాన్ని కొద్దికొద్దిగా వదిలేస్తుంది. అలా పేరుకుని గట్టిపడిన రూపాలన్నిటికీ ఇది ఉమ్మడి పేరు.’ కంపెనీ పంపిన శాస్త్ర వివరణలో కింద చిన్న గమనిక ఉంది. ఈ పేరు సహజంగా ఏర్పడిన గుహల్లోని వాటికే వాడాలి, వంతెనల కింద, భవనాల కింద కాంక్రీటు నుంచి కారి గట్టిపడే వాటికి వాడకూడదు అని. దాన్ని కూడా తెలుగులో చేర్చింది.

తెలుగు మాట అనే గడిలో ‘నీటిపని’ అని రాసింది. స్టాలక్టైట్ దగ్గర ‘రాతి ఊడ’, స్టాలగ్మైట్ దగ్గర ‘రాతి మొలక’. వాడుక వాక్యం కోసం ఆలోచించనక్కర్లేకపోయింది: ‘ఊడను ముట్టుకోవద్దండి, చేతి జిడ్డు తగిలితే దాని పెరుగుదల ఆగిపోతుంది.’

సురేంద్ర రోజుకు ఎన్నిసార్లు అనేవాడో ఆ వాక్యం. రాసి పంపించాక ఆమెకు ఆకలి వేసింది. ఆ రాత్రికి చాలా కాలం తర్వాత ఉగ్గాని చేసుకుని తిన్నది.

మరుసటి వారం గిరీష్ వచ్చి ఎదుటి ఖాళీ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. భీమవరం వైపు అబ్బాయి, ఆమె రాసినవన్నీ చూసే టీమ్ లీడ్. మర్యాద తెలిసినవాడు.

“నాగరత్న గారూ, ఆ గుహల ఎంట్రీలు మూడూ పైనుంచి వెనక్కి వచ్చాయండీ. అర్థం చాలా బాగుందన్నారు. డౌటంతా మాట దగ్గరే. ఊడ అంటే చెట్టుది కదండీ. నీటిపని అంటే మరీ... ప్లంబింగ్ అనుకుంటారేమో అన్నారు.”

నాగరత్నకు నవ్వు వచ్చింది. గిరీష్ కూడా నవ్వాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

“సోర్స్ కావాలండీ. పుస్తకమో, పేపరో, ఏదైనా వెబ్‌సైటో. లేకపోతే జనం వాడుకలో ఉందని చూపించాలి.”

“వాడుకలో ఉండేది.”

“ఎక్కడండీ?”

“మా ఊరి దగ్గర. గుహల్లో.”

“ఎవరు వాడేవారండీ?”

“మా ఆయన.”

గిరీష్ తన ఫోన్‌ను బల్ల మీద బోర్లించాడు. సురేంద్ర లేడని అతనికి తెలుసు.

“ఇంకెవరైనా అండీ?”

వాడారనే ఆమె అనుకుంటూ వచ్చింది. అంతమంది గైడులు, అంతమంది జనం, అన్నేళ్లు. వాడకుండా ఎలా ఉంటారు?

“వారం టైముందండీ. మీ ఊళ్లో ఎవరినైనా ఒకసారి అడిగి చూడండి,” అని గిరీష్ లేచాడు.

శివశంకర్ నంబరు ఆమె ఫోన్లో ఇంకా ఉంది. సురేంద్రతో పాటు గైడుగా చేరిన మనిషి, ఇప్పటికీ అక్కడే చేస్తున్నాడు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి, చెప్పులు విడిచి, మంచినీళ్లు తాగి ఫోన్ చేసింది.

“వదినా! ఎన్నాళ్లకు! బాగుండావా? తింటాండావా లేదా?”

క్షేమసమాచారాలు అయ్యాక అసలు సంగతి అడిగింది. అవతల శివశంకర్ గట్టిగా నవ్వాడు.

“ఊడనా? సురేంద్రన్న మాట గదా అది! మేమంతా ఎగతాళి చేసేవాళ్లం. గుహలో మర్రిచెట్టు నాటినావేందన్నా అని. మేము ఎప్పుడూ స్టాలక్టైటే చెప్తాం వదినా. వచ్చేవాళ్లు ఫోన్లో చూసుకోని వస్తారు, అదే అడుగుతారు. అన్న పోయినాక ఆ మాట ఇక్కడ ఎవురూ అనలేదు.”

“ముందు కూడా ఎవురూ అనలేదా?”

“లేదు వదినా. నీకు ఉద్యోగంలో పనికొస్తాదంటే చెప్పు. మేము నలుగురైదుగురు ఫోన్ చేసి, అవును, ఇక్కడ అందరూ ఊడనే అంటారని చెప్తాం. అదెంత పని?”

“వద్దు శివా. అననిది అన్నట్టు ఎట్ల రాసేది?”

“నీ ఇష్టం. కానీ ఒకటి చెప్తా. అన్న చెప్తాంటే మా పని మానుకోని మేమూ జనంలో నిలబడి వినేవాళ్లం. అది మాత్రం రాసుకో.”

ఫోన్ పెట్టేశాక గదిలో ఫ్యాను చప్పుడు ఒక్కటే మిగిలింది. ఆ మాట ఊరిది కాదు. గుహది కూడా కాదు. ఒక మనిషిది. ఆ మనిషి కాక భూమ్మీద ఆ మాట తెలిసి వాడగలిగే ఇంకొకరు ఉన్నారంటే అది తనే. వాడదామన్నా ఎవరితో?

సురేంద్ర చివరి వారం మాట్లాడలేదు. ముఖానికి ఆక్సిజన్ మాస్కు. ఆమెను లోపలికి రానివ్వలేదు. నర్సమ్మ ఎవరో దయ తలచి రోజుకోసారి వీడియో కాల్ కలిపేది. ‘మాట్లాడించొద్దమ్మా, ఆయాసం వస్తాది’ అని ముందే చెప్పేది. జీవితమంతా గొంతుతో బతికిన మనిషి తెర మీద చెయ్యి ఎత్తి, తిన్నావా అన్నట్టు వేళ్లు నోటి దగ్గర పెట్టి చూపించేవాడు. తిన్నానని ఆమె తల ఊపేది. అంతకుమించి ఏమీ జరగలేదు. నాలుగో రోజో ఐదో రోజో ఫోన్ వేరే విషయం చెప్పడానికి మోగింది.

ఆమె మంచం అంచున కూర్చుని, “ఊడ” అంది పైకి. వినేవాళ్లు లేని గదిలో అది ఏదో కూరగాయ పేరులా వినిపించింది.

వారం గడువు ముగిసే రోజున గిరీష్ మళ్లీ వచ్చాడు. అతను ఒక దారి చెప్పాడు. నాగరత్న గారే ఏదైనా బ్లాగులో గుహల మీద వ్యాసం రాసి ఆ మాటలు వాడితే, దాన్నే సోర్సుగా చూపించొచ్చు. చాలా భాషలవాళ్లు అలాగే చేస్తారు.

“నేనే రాసి, నేనే ఆధారమని చూపించడం బాగుండదు బాబూ,” అంది. “ఒక్కడు వాడిన మాటను జనం మాట అని ఎలా అంటాను? వాడుక అంటే ఇద్దరైనా ఉండాలి కదా.”

గడుల్లో ఉన్నవి తనే చెరిపేసి స్పీలియోథెమ్, స్టాలక్టైట్, స్టాలగ్మైట్ అని తెలుగు అక్షరాల్లో కొట్టింది. వాడుక వాక్యంలో మాత్రం ఆ ఒక్క మాట తప్ప ఇంకేమీ మార్చలేదు. ‘స్టాలక్టైట్‌ను ముట్టుకోవద్దండి, చేతి జిడ్డు తగిలితే దాని పెరుగుదల ఆగిపోతుంది.’ వాక్యానికి ఎవరూ సోర్స్ అడగలేదు. అది అలాగే వెళ్లిపోయింది.

ఆ పైన వానలు పట్టుకున్నాయి. అపార్టుమెంటు ముందు గేటు దగ్గర ఎవరో కేబుల్ కోసం రోడ్డు తవ్వి వదిలేస్తే, జనమంతా సెల్లార్‌లోంచి వెనక గేటుకు నడవాల్సి వచ్చింది. నాగరత్నకు బండి లేదు, సెల్లార్‌లో ఆమెకు ఎప్పుడూ పని పడలేదు. ఒక ఆదివారం పొద్దున పెరుగు కోసం అటుగా వెళ్తూ ఏదో టప్‌మని చప్పుడైతే ఆగింది.

వాచ్‌మన్ ఐలయ్య భార్య చంద్రమ్మ బూజుకర్రతో పైకప్పును కొడుతోంది. కొట్టినప్పుడల్లా తెల్లటి సన్నటి గొట్టాల్లాంటివి విరిగి రాలుతున్నాయి. కప్పులో పొడుగునా నెర్రె ఉంది. దాని వెంబడి వరసగా తెల్లటి పుల్లలు వేలాడుతున్నాయి. ప్రతి దాని కొసనా ఒక నీటిచుక్క.

“ఆగమ్మా!” అని నాగరత్న తెలియకుండానే అరిచింది.

చంద్రమ్మ ఉలిక్కిపడి కర్ర దించింది. “ఏమైందమ్మా? మీద పడ్డదా ఏంది?”

“లేదు లేదు. అవి... ఎందుకు కొడుతున్నావు?”

“గివా? గీ సున్నం నీళ్లు కార్ల మీద పడి మచ్చలైతున్నయంట. రుద్దితే రంగే పోతున్నదంట. రోజు పరేషాన్ చేస్తున్నరు. కొడ్త, మళ్ల వస్తయ్. కొడ్త, మళ్ల వస్తయ్.”

నాగరత్న దగ్గరికి వెళ్లి తల ఎత్తి చూసింది. గుహలో గోరంత పెరగడానికి ఒక మనిషి ఆయుష్షు పడుతుందని సురేంద్ర చెప్పేవాడు. ఇవి ఈ వానల్లోనే జానెడు దిగాయి. కాంక్రీటులోని సున్నం తొందరగా కరుగుతుంది కాబోలు. కానీ రూపు అదే, కొసన చుక్క అదే.

“వీటిని ఏమంటారు ఇక్కడ?” అని అడిగింది.

“ఏమంటరు? ఏమనరు. సున్నం అంటరు, లీకేజ్ అంటరు. నీకు తెలుసా దీని పేరు?”

“గుహల్లో ఉంటే స్టాలక్టైట్ అంటారు. ఇలా బిల్డింగుల కింద ఉంటే ఆ పేరు పెట్టకూడదంట.”

“నీళ్లు గవే, సున్నం గదే. జాగ మారితే పేరెందుకు మారుతది?” అంది చంద్రమ్మ. తర్వాత కింద పడిన ముక్కల్ని చీపురుతో ఒక పక్కకు నెడుతూ, “నీళ్లు ఏడికెల్లి వస్తున్నయో ఇంజనీర్లకు తెలుస్తలేదంట. నన్నడిగితే నేను చెప్త గద. ఆ మూల గోడవతల మా అత్తోళ్ల బాయి ఉండె. గిది మొత్తం మా వరిమడి. బాయి పూడ్చినంక ఊట యాడికి పోతది పాపం?” అంది. బావి ఊట కప్పు మీదికి ఎలా ఎక్కుతుంది, అది వాననీరే అయి ఉంటుందని నాగరత్నకు తోచింది. కానీ చంద్రమ్మ ఆ మాట అన్న తీరుకు ఆమె ఎదురుచెప్పలేదు.

పెరుగు సంగతి మరిచిపోయింది. “మా ఆయన వీటిని ఊడలనేవాడు,” అంది చివరికి.

“ఊడలు.” చంద్రమ్మ పైకి చూసింది. “మంచిగున్నది. ఊడల లెక్కనే ఉన్నయ్.”

అంతే. మళ్లీ కర్ర ఎత్తింది.

ఆ రోజు నుంచి నాగరత్న గేటు బాగయ్యాక కూడా సెల్లార్ దారినే నడిచింది. చంద్రమ్మ కనిపిస్తే ఒక మాట, కనిపించకపోతే ఐలయ్యను ఆమె ఏదని అడగడం. ఒకసారి పులిహోర ఇచ్చింది. ఒకసారి చంద్రమ్మ సర్వపిండి ఒక ముక్క కాగితంలో చుట్టి ఇచ్చింది. ఇవి పెద్ద విషయాలేమీ కావు. ఆదివారాలు ఇంకా పొడుగ్గానే ఉండేవి. కానీ శనివారానికీ సోమవారానికీ మధ్య ఆమె గొంతు ఒకటి రెండుసార్లు పెగిలేది.

దసరా ముందు అసోసియేషన్ వాళ్లు లీకేజీలు మూయించడానికి కాంట్రాక్టరును పిలిపించారు. నాగరత్న ఆఫీసుకు బయలుదేరుతుంటే సెల్లార్‌లో అతను పనివాళ్లతో నిలబడి ఉన్నాడు. ఎక్కడెక్కడ కారుతోందో చూపించమని చంద్రమ్మను అడుగుతున్నాడు.

“చూపించేదేముంది సార్? ఊడలు యాడున్నయో గాడ గార్తది. ఊడలు చూసుకుంట పోండ్రి.”

కాంట్రాక్టరు ‘ఊడలా?’ అనలేదు. అంటే ఏమిటని అడగలేదు. తల ఎత్తి, కప్పు వెంబడి చూపు పోనిచ్చి, “ఆ, సరే,” అని పనివాళ్లవైపు తిరిగాడు. “ముందు ఆ ఊడలన్నీ కొట్టెయ్యండ్రా. శుభ్రం చేసినాకనే నెర్రెలోకి మందు ఎక్కిద్దాం.”

నాగరత్న స్తంభం పక్కన నిలబడిపోయింది. తనను లెక్కలోంచి తీసేసినా ఆ మాట ఇప్పుడు ముగ్గురిది. మొదటివాడు లేడు. మూడోవాడి నోట అది వాటిని కొట్టేయమనడానికే వచ్చింది. పనివాళ్లు నిచ్చెన వేసుకుని కర్రలతో కొట్టడం మొదలుపెట్టారు. టప టప మని రాలాయి. ఆమెకు ఏడుపు రాలేదు, సంతోషమూ కాలేదు. ఆ రోజు షేర్ ఆటోలు రెండు వదిలేసుకుని ఆలస్యంగా ఆఫీసుకు వెళ్లింది. గిరీష్‌కు చెబుదామని ఒకసారి అనుకుంది. ఆ ఎంట్రీల బ్యాచ్ ఎప్పుడో మూసేశారు. అతను ఫోన్లో ఎవరితోనో వేగంగా ఇంగ్లిషు మాట్లాడుతున్నాడు. చెప్పలేదు.

పండగ వెళ్లాక ఒక ఆదివారం చంద్రమ్మ తలుపు కొట్టింది. కొత్త చీరలో ఉంది.

“ఖాజాగూడ నా తల్లిగారిల్లు. పోతున్న. నువ్వు ఒక్కదానివే ఉంటవ్ గద, వస్తవా?”

నాగరత్న ఎందుకు ఏమిటని అడగకుండా తాళం తీసుకుంది.

చంద్రమ్మ తమ్ముడి ఇంట్లో ఛాయ్ తాగాక, ఇద్దరూ చెరువు దాటి బండల మీదికి ఎక్కారు. ఎండ వాలింది. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న పెద్ద పెద్ద గుండ్లు, వాటి వెనక ఆకాశాన్ని అంటిన మేడలు. ఒక బండ కింద చిన్న గుహలాంటి చోటు చూపించి చంద్రమ్మ, “చిన్నప్పుడు మేకలు కాసుకుంట వానకు గీడనే దాక్కుంటుంటిమి. దీంట్ల ఊడలు రావా?” అంది.

“రావు. ఇది సున్నపురాయి కాదు. దీంట్లో నీళ్లు దిగవు, కరగదు.”

“మీ ఊర్ల గుహ ఎట్లుంటది?”

“పెద్దది.”

“పెద్దదంటే? నీ ఇంటాయన అందర్నీ లోపటికి తీస్కపోతుండె అన్నవ్ గద. ఏం చెప్పుకుంట తీస్కపోతుండె?”

నాలుగేళ్లలో ఎవరూ ఆమెను అది అడగలేదు. పోయినవాడి గురించి ఎలా పోయాడని అడిగారు, ఏ ఆసుపత్రి అని అడిగారు. ఏం మాట్లాడేవాడని ఎవరూ అడగలేదు. నాగరత్న కొంగు ముడి వేసింది, విప్పింది. తర్వాత మొదలుపెట్టింది. తన గొంతులోనే, కానీ అతని మాటల్లో.

“రాండి సామీ, మెట్లు చూసుకోని దిగండి. ఉక్కపోస్తాది, భయపడాకండి, లోపలికి గాలి పంపిస్తాండారు. ఇక్కడ తల వంచాల. రాజైనా వంచాల్సిందే. ఇప్పుడు పైకి చూడండి. అది ఊడ. దిగే చుక్క దిగేముందు తన దగ్గరుండే సున్నం రవ్వంత పైన వదిలిపెడతాది. మిగిలింది కింద పడినాక పెడతాది. అందుకే పైన ఊడ, కింద మొలక. మీ తాత పుట్టిననాడు మొదలైంటే ఈ పొద్దుకు మీ చిటికెనవేలి గోరంత అయింటాది...”

చంద్రమ్మ మోకాళ్లు ముడుచుకుని వింది. మధ్యలో, “పాములుంటయా?” అని అడిగింది. టికెట్టు కొన్నవాళ్లు అడిగే ప్రశ్నే అది. దానికి సురేంద్ర చెప్పే జవాబే నాగరత్న చెప్పింది: “ఉంటే మీకంటే ముందు నాకే కనపడింటాయి సామీ.” చంద్రమ్మ గట్టిగా నవ్వింది. ఆ నవ్వు బండలకు తగిలి తిరిగొచ్చింది. నాగరత్న ఆగకుండా చెప్పుకుపోయింది. వంగి నడిచే చోటు, కోటిలింగాల దగ్గర జనం దండం పెట్టుకునే తీరు, అన్నిటికన్నా లోతున పాతాళగంగ, అక్కడ సన్నగా పారుతూ రాళ్లలోకి మాయమైపోయే నీళ్లు. అక్కడ అతను అందరినీ ఒక్క నిమిషం మాట్లాడకుండా నిలబడమనేవాడు, నీళ్ల చప్పుడు వినమనేవాడు.

ఆమె కూడా అక్కడ ఆగింది. దూరంగా రోడ్డు మీద బండ్ల హోరు వినిపిస్తోంది. మేడల్లో ఒక్కో అంతస్తులో దీపాలు వెలుగుతున్నాయి.

చంద్రమ్మ ఎదురుచూసింది. కాసేపయ్యాక, “గంత కిందికి తీస్కపోతివి. ఇగ బయటికెట్ల తీస్కొస్తడు? అప్పుడేం చెప్తడు?” అంది.

నాగరత్న గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. అసలు లేదు కాబట్టే దొరకలేదని తర్వాత తట్టింది.

“వచ్చేటప్పుడు ఏమీ చెప్పడు,” అంది. “అప్పటికి గొంతు పోయుంటాది. ముందర నడుస్తాడు. జనం వెనకాల వస్తారు.”

చంద్రమ్మ తల ఊపింది. చెప్పులు వేసుకుని ముందుగా లేచింది. బండలు చీకటి పడితే కాలు జారతాయి. ఎక్కడ అడుగు వేయాలో చేత్తో చూపిస్తూ ఆమె ముందు నడిచింది. నాగరత్న ఆమె వెనకాల, ఏమీ మాట్లాడకుండా కిందికి దిగింది.